జెల్లల తొట్టి

మా బావ పోయి ఐదు నెలలైంది. బావ అంటే మా అక్క భర్త. ఆటోనగర్‌లో చిన్న షెడ్డు పెట్టుకుని ప్లాస్టిక్ షీట్లు కోసి, వంచి, అతికించే పని చేసేవాడు. లారీల నంబరు ప్లేట్లు, కరెంటు మీటర్ల మూతలు, స్టీల్ ప్లాంటు కాంట్రాక్టర్లకి మెషిన్ల మీద కప్పే గార్డులు చేసేవాడు. వాటిలో చాలామట్టుకు ఇప్పటికే పగిలిపోయి ఉంటాయి. ఆయన చేతి వస్తువు ఒకటి మాత్రం మా ల్యాబ్‌లో ఇంకా పని చేస్తోంది. దాని గురించి రాస్తున్నాను.

పోయినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మాటలు వాటంతటవే పెద్దవైపోతాయి. పెద్దకర్మ నాడు ఒకాయన లేచి బావని కర్మయోగి అన్నాడు. బావ వింటే, అదంతా సరేగాని కొలతలిచ్చి ఎల్లు బాబూ అనేవాడు. అందుకని కొలతలున్న సంగతులే రాస్తాను.

తొంభైల మధ్యలో నేను జువాలజీలో ఎమ్మెస్సీ ముగించి, కూర్మన్నపాలెంలో అక్కావాళ్ళ రెండు గదుల వాటాలో ఉండేవాణ్ణి. ఫెలోషిప్ పరీక్ష ప్యాసయ్యాను. మా ఊళ్ళో అదే పెద్ద ఉద్యోగం అనుకున్నారు. నిజానికి అది ఒక కాగితం. రెండేళ్ళలోగా ఎవరైనా గైడు నన్ను పీహెచ్‌డీకి తీసుకుంటేనే దానికి విలువ. తీసుకోకపోతే గడువుతో పాటే చెల్లిపోతుంది. నాకు కావలసింది మాలిక్యులర్ బయాలజీ. హైదరాబాదుకి రాశాను, బెంగుళూరుకి రాశాను. ఖాళీలు లేవని కొందరు జవాబిచ్చారు, కొందరు అదీ ఇవ్వలేదు. ఇక్కడి యూనివర్సిటీలోనూ డిపార్ట్‌మెంటు గుమ్మాలు తిరిగాను. అలా తిరగడంలోనే ఏడాదిన్నర దాటిపోయింది. కాగితానికి ఇంకా రెండు నెలలు ఉన్నాయనగా ఒకాయన నన్ను కూర్చోబెట్టి మాట్లాడారు. తర్వాత ఆయనే నా గైడు. గోదావరి జిల్లా మనిషి. కోపం వచ్చినా గొంతు లేవదు.

"చూడబ్బాయ్, నా దగ్గర ఒక ఖాళీ ఉంది" అన్నారు. "రొయ్యల తెగులు మీద పని. రొయ్య నుంచి డీఎన్ఏ తియ్యాలి, జెల్ మీద నడిపించాలి. తియ్యడానికి సీసాలున్నాయి, కరెంటు ఇచ్చే పెట్టె ఉంది. నడిపించడానికి తొట్టి లేదు. ఆర్డరు పెట్టాను. అది వచ్చేసరికి నీ కాగితానికి కాలం చెల్లుతుంది."

"మరెలాగండీ?"

"కమిటీలో నాతో కలిపి నలుగురం. ఆ పనులు ఇక్కడ జరగవని మిగతా ముగ్గురి నమ్మకం. ఒక్క జెల్ మీద నాలుగు గీతలు చూపించావంటే నీ తరఫున వాదిస్తాను. వట్టి నోటిమాట మీద వాదించలేను."

వచ్చేటప్పుడు ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టారు. అందులో వెంట్రుకంత సన్నని ప్లాటినం తీగ, రెండు జానల పొడవు. ఎవరి దగ్గర సంపాదించి ఎన్నేళ్ళు దాచారో తెలియదు. "తొట్టి ఎలా వస్తుందో నీ ఇష్టం" అన్నారు.

ఆ సాయంత్రం బావ అన్నానికి కూర్చున్నప్పుడు అడిగాను.

"బావా, జెల్ తొట్టి ఒకటి చేసిపెట్టాలి."

"జెల్లలకి తొట్టేటి?" అన్నాడు బావ. "జెల్ల బురదలో ఉంటాది. అద్దాల తొట్టిలో ఏస్తే సచ్చిపోతాది. పైగా ముల్లు గుచ్చుకుంటే సెయ్యి వాసిపోతాది."

"జెల్ల కాదు, జెల్."

"అదే. నువ్వు సదివింది సేపల సదువే కదేటి?"

అక్క నవ్వుతోంది. నేను పాత క్యాలెండరు కాగితం వెనక బొమ్మ వేసి చెప్పాను. సముద్రపు నాచు నుంచి తీసిన పొడిని కాచి, పళ్ళెంలో పోసి, చల్లారనిస్తే గట్టిపడుతుంది. అదే జెల్. గట్టిపడకముందే ఒక చివర దువ్వెన నిలబెడతాం. గట్టిపడ్డాక దువ్వెన పైకి తీస్తే, పళ్ళు దిగిన చోట గుంటలు ఉంటాయి. వాటిలో డీఎన్ఏ పోసి, పళ్ళేన్ని ఉప్పునీళ్ళ తొట్టిలో ఉంచి, రెండు చివర్లా కరెంటు ఇస్తే డీఎన్ఏ ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తుంది. చిన్న ముక్కలు ముందు, పెద్దవి వెనక. ఇంగ్లీషులో ఆ గుంటల్ని వెల్స్ అంటారు కదా అని నేను బావులు అన్నాను.

"దువ్వెన తీస్తే ఏటి మిగుల్తారూ? బావలా?"

"బావులు, బావా."

"ఎంతమంది?"

"ఎనిమిది."

"ఇన్నావా? మీ తమ్ముడికి ఎనిమిది మంది బావలు కావాలట. ఒక్కడితోటి సరిపెట్టుకోలేకపోతన్నాడు."

"ఆ ఒక్కడికీ దువ్వెనతో పనే నేదు" అంది అక్క. బావకి అప్పటికే బట్టతల.

ఆ రోజు నుంచి ఆ వస్తువుకి షెడ్డులో 'జెల్లల తొట్టి' అనే పేరు స్థిరపడింది. పనివాళ్ళు కూడా అలాగే అనేవారు. నేను దిద్దడం మానేశాను.

తొట్టి మూడు రోజుల్లో అయిపోయింది. బావ ప్లాస్టిక్ ముక్కల్ని క్లోరోఫామ్‌తో అతికించేవాడు. కుంచె కొసతో అంచున ఒక్క గీత గీస్తే అది సందులోకి పాకి, రెండు ముక్కలూ ఒకటైపోయేవి. డీఎన్ఏ తియ్యడానికి నేను ల్యాబ్‌లో వాడేదీ అదే క్లోరోఫామ్. సాయంత్రం ఇద్దరం ఇంటికొస్తే చొక్కాలకి ఒకటే వాసన. ఏ చొక్కా ఎవరిదో పోల్చుకోలేకపోతున్నానని అక్క గొడవ పెట్టేది.

కష్టమైంది దువ్వెన. నీళ్ళు నిలవాలంటే ఏ ముక్కైనా అడుగు దాకా తగలాలని బావ లెక్క. అందుకని పళ్ళని పళ్ళెం అడుగుకి సరిగ్గా ఆనేలా చేశాడు. అలా చేస్తే గుంటలకి అడుగే ఉండదు. పోసినదంతా కిందనుంచి జారిపోతుంది. దాన్ని తేల్చుకోవడానికి ల్యాబ్ పొడి వృథా చేసే ధైర్యం నాకు లేదు. అక్కే చైనా గ్రాస్ తెప్పించి పొయ్యి మీద కాచింది, మిఠాయిల్లో వేసే ఆ నాచు సరుకే. చక్కెర వెయ్యకుండా ఆ సరుకు కాయడం అదే మొదటిసారి అంది. దువ్వెన పెట్టి, చల్లారాక తీసి, గుంటల్లో నీలిమందు నీళ్ళు పోశాను. కాసేపట్లో అడుగంతా నీలం.

"మీ బావలు కారిపోతన్నారు" అంది అక్క.

బావ ఆ దువ్వెన జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మర్నాడు ఇంకోటి తెచ్చాడు. అదీ కారింది. మూడోదాని పళ్ళు మరీ పొట్టివి, నాలుగోది వంకర. చివరికి పళ్ళెం మీద హాక్సా బ్లేడులు రెండు ఒకదానిమీద ఒకటి పరిచి, వాటి మీద దువ్వెన ఆనించి, అది పళ్ళెం అంచుల మీద నిలిచేలా రెండు పక్కలా చెవులు అతికించి, బ్లేడులు లాగేశాడు. ఆ సందే గుంటకి అడుగైంది. ఆ సాయంత్రం నీలిమందు ఎనిమిది గుంటల్లోనూ కదలకుండా నిలిచింది. ముగ్గురం పొయ్యి పక్కన నేలమీద కూర్చుని చాలాసేపు చూశాం. తోడికోడళ్ళు వచ్చినా అక్క అంతసేపు ఒక్కచోట కూర్చునేది కాదు.

ఆఖర్న ప్లాటినం తీగ రెండు చివర్లా బిగించి, కరెంటు తీగలు తగిలించడానికి ఎర్ర బుడిపె ఒకటి, నల్ల బుడిపె ఒకటి పెట్టాడు. ఏది ఎటు అని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. తొట్టిలో నీళ్ళు నింపి ఒక రాత్రంతా ఉంచాం, బొట్టు కారలేదు. దాన్ని తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళాను.

కమిటీ శుక్రవారం. బుధవారం పొద్దున మొదటిసారి నడిపాను. పది రోజుల పాటు కష్టపడి తీసిన డీఎన్ఏ, అడుగునున్న బొట్టు కూడా మిగల్చకుండా ఎనిమిది గుంటల్లోకీ పోసేశాను. అందులో కలిపిన నీలం రంగు, డీఎన్ఏ ఎంతదూరం నడిచిందో చెబుతుంది. ఎర్ర బుడిపెకి ఎర్ర తీగ, నల్లదానికి నల్ల తీగ తగిలించి స్విచ్ వేశాను. ప్లాటినం వెంబడి సన్నని బుడగలు లేచాయి. గైడు వంగి చూసి, "బావుంది. గంట పడుతుంది. ఈలోగా నీ అప్లికేషను చూద్దాం రా" అన్నారు. వెళ్ళాను.

గంట తర్వాత వచ్చేసరికి జెల్ మీద నీలమే లేదు. గుంటలు ఖాళీ. డీఎన్ఏని మెరిపించి చూపే యూవీ దీపం కింద పెట్టి చూసినా ఒక్క గీత లేదు.

డీఎన్ఏకి రుణావేశం. అది ఎప్పుడూ ప్లస్సు వైపే, అంటే ఎర్ర తీగ వైపే నడుస్తుంది. అందుకని నల్లది గుంటల పక్కన ఉండాలి, ఎర్రది దూరపు చివర ఉండాలి. ఈ పాఠం నేను ఎమ్మెస్సీలో చదివాను, పరీక్షలో రాశాను. బావ ఎర్ర బుడిపెని గుంటల పక్కనే బిగించాడు. డీఎన్ఏ ముందుకి నడవాల్సింది వెనక్కి నడిచి, వేలెడు దూరంలో జెల్ అయిపోగానే ఉప్పునీళ్ళలో కలిసిపోయింది.

గైడు నా ముఖం చూసి, "శుక్రవారం పదకొండు గంటలకి కమిటీ" అని మాత్రం అన్నారు.

అక్కణ్ణుంచి బస్సెక్కి నేరుగా ఆటోనగర్ వెళ్ళాను. షెడ్డులో ఇద్దరు పనివాళ్ళున్నారు, నంబరు ప్లేటు కోసం వచ్చిన లారీ డ్రైవరు ఉన్నాడు. వాళ్ళందరి ముందూ అన్నాను. "టెన్త్ తప్పినవాడికి ఇస్తే పని ఇలాగే అఘోరిస్తుంది" అన్నాను. ఆ వాక్యం నాకు ఇంకా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. దాన్ని మెత్తగా మార్చి రాయాలని ఇప్పుడు చెయ్యి లాగుతోంది. రాయను.

బావ చేతిలోని రంపం పక్కన పెట్టాడు. "ఏటయ్యిందో ముందు సెప్పు."

చెప్పాను.

"మరి కరెంటు ప్లస్సు నుంచి మైనస్సుకి కదేటి పోతాది? మా టెన్తు పుస్తకంలో అలాగే ఉంది. అది నాకు బాగా గుర్తు, ఆ పరీక్ష ప్యాసయ్యాను. నాను తప్పింది ఇంగ్లీషు." పనివాళ్ళు తల దించుకుని నవ్వారు. "కరెంటు ఎటు పోతే నీ సరుకూ అటే కొట్టుకుపోతాది అనుకున్నాను. ఎదురెక్కుతాదని నాకెవుడు సెప్పాడు?"



"జెల్ కాదు, జెల్లే అది" అన్నాడు బావ. "కొత్తనీరు పడితే సేప ఏటికి ఎదురెక్కదేటి? జెల్ల అని నాను మొదటే అన్నాను. నువ్వే కాదన్నావు. అవునని ఉంటే ఎర్రది అటుపక్క ఎట్టుదును."

లారీ డ్రైవరు పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది. బావ టీ తెప్పించాడు. బుడిపెలు ఇప్పుడు మార్చాలంటే అతుకు కొయ్యాలి, కోస్తే కారుతుంది, మళ్ళీ ఆరడానికి టైం కావాలి. "తీగలు తిరగేసి పెట్టుకో" అన్నాడు. "రొయ్యలు కావాలా?"

"కావాలి."

"రేపు నాలుగింటికి లెగు."

గురువారం తెల్లవారకముందే బావ స్కూటరు వెనక కూర్చుని చేపల రేవుకి వెళ్ళాను. పడవలు అప్పుడే వస్తున్నాయి. ప్రాణంతో ఉన్న రొయ్యలు కావాలని బావ బుట్టల దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ ఏరుతుంటే, అమ్మే ఆవిడకి ఒళ్ళు మండింది.

"రొయ్యలకి పెళ్ళిసూపులేటి బావూ?"

"అవునమ్మా. పెళ్ళికొడుకు ఎనక నిలబడ్డాడు, సూడు" అన్నాడు బావ.

ఐసులో పెట్టి ల్యాబ్ గేటు దగ్గర దింపాడు. ముందు రోజు అన్న మాట గురించి నేనేమీ అనలేదు, ఆయనా అనలేదు. గేటు దగ్గర మాత్రం, "ఎర్ర తీగ నల్లదానికి. మరిసిపోకు" అన్నాడు.

అప్పటికి చెయ్యి తిరిగింది కాబట్టి ఈసారి ఆ ఒక్క రోజులోనే డీఎన్ఏ తీశాను. శుక్రవారం ఎనిమిదింటికి గుంటల్లో పోశాను, ఈసారి సగమే. ఎర్ర తీగ నల్ల బుడిపెకి, నల్ల తీగ ఎర్ర బుడిపెకి పెట్టాను. స్టూలు మీద నుంచి లేవలేదు. నీలం రంగు ముందుకి కదిలింది. తొమ్మిదిన్నరకి దీపం కింద గీతలు కనిపించాయి. నాలుగు కాదు, ఆరు. మిగతా రెండింట్లో పోయబోయింది గుంట పక్కన పడింది.

కమిటీలో ముగ్గురూ దీపం చుట్టూ నిలబడి చూశారు. ఒకాయన అడిగారు, "బుధవారం ఫెయిలైందట. కారణం?"

"తొట్టి చేసినవాళ్ళు టెర్మినల్స్ తిరగేసి పెట్టారండీ" అన్నాను.

నిన్న ఆ చేసినవాడి స్కూటరెక్కి రొయ్యలు తెచ్చుకున్నవాణ్ణి నేనే. నోరు మాత్రం అదే అంది.

గైడు నన్ను చూడకుండా, జెల్ వైపే చూస్తూ అడిగారు. "తీగలు పెట్టిందెవరు?"

"నేనేనండీ."

"డీఎన్ఏ ఎటు నడుస్తుందో ఆ చేసినాయనకి తెలుసా?"

"తెలీదండీ."

"నీకు?"

"తెలుసు."

"అయితే మళ్ళీ చెప్పు. ఎందుకు ఫెయిలైంది?"

"రంగు చూసి తగిలించాను. ఏది ఎటుందో చూడలేదు. తప్పు నాదండీ" అన్నాను.

ఆయన తలూపి కాగితం ముందుకి లాక్కున్నారు. మిగతా ముగ్గురూ సంతకాలు పెట్టారు. నా కాగితం చెల్లడానికి ఇంకా పదహారు రోజులుండగా నాకు పీహెచ్‌డీలో చోటు దొరికింది. ఇంటికెళ్ళి దొరికిందని చెప్పాను. కమిటీలో మొదట నేనన్న మాట మాత్రం బావకి చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు.

బుడిపెలు మార్చి ఇస్తానని బావ రెండుసార్లు ల్యాబ్‌కి వచ్చాడు. రెండుసార్లూ గైడు ఒప్పుకోలేదు. ఎవరైనా పరిశోధనలో చేరడానికి వస్తే ఆయన వాళ్ళ మార్కులు చూసి పక్కన పెట్టి, ఈ తొట్టి ముందు కూర్చోబెట్టేవారు. జెల్ పొయ్యమనేవారు, తీగలు తగిలించమనేవారు. పదిమందిలో ఎనిమిది మంది ఎర్రదానికి ఎర్ర పెట్టేవాళ్ళు. నీలం వెనక్కి పోయేదాకా ఆయన ఏమీ అనేవారు కాదు. కొత్త తొట్టి ఆర్డరులో వచ్చాక కూడా ఇంటర్వ్యూలకి ఇదే. ఆయన రిటైరయ్యాక ఆ ల్యాబ్ బాధ్యత నాకు వచ్చింది. ఆ పద్ధతి నేనూ మార్చలేదు.

బావకి దాని మీద చెప్పలేనంత ఆసక్తి. ఏటా ఇంటర్వ్యూలు అవగానే ఫోను.

"ఈ ఏడు ఎంతమంది ఎర్రదానికి ఎర్ర ఎట్టారు?"

"ఐదుగురు."

"పాపం. సీటు ఇవ్వలేదేటి?"

"ఇద్దరికి ఇచ్చాం. నీలం ఎందుకు వెనక్కి పోయిందో వాళ్ళంతట వాళ్ళు చెప్పారు. తొట్టి మీద తొయ్యలేదు."

"బాగుంది. టెన్తులో నన్నూ ఇలాగే అడిగుంటే నానూ డాక్టరయ్యేవోణ్ణి" అన్నాడు బావ.

నా థీసిస్ అచ్చయ్యాక మొదటి ప్రతి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. కృతజ్ఞతల పేజీలో ఆయన గురించి ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది, పరికరం తయారీలో సాయపడ్డారని. చదివి వినిపించమన్నాడు. వినిపించాను.

"అంటే నానే?"

"నువ్వే."

"జెల్లల తొట్టి అని రాయడానికి నీకేటి బాధ?"

అప్పుడు నవ్వేశాం. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడిగింది సరైన ప్రశ్న. నాకు బాధేమీ లేదు. రాసి ఉండవలసింది.

బావ షెడ్డులోనే పోయాడు. మధ్యాహ్నం, పని మధ్యలో, గుండె ఆగిపోయింది. పెద్దకర్మ అయ్యాక షెడ్డు ఖాళీ చెయ్యడానికి నేనూ అక్కా వెళ్ళాం. గోడకి కొట్టిన బల్ల మీద స్క్రూల డబ్బాల మధ్య ఒక బిస్కట్ల డబ్బా. అందులో దువ్వెనలు. ల్యాబ్‌కి వెళ్ళినది కాక నేను చూసినవి నాలుగు. డబ్బాలో పదకొండు ఉన్నాయి. మిగతా ఏడూ మా దాకా తేకుండానే పనికిరావని తేల్చుకున్నవన్నమాట. ప్రతిదాని మీదా మేకుతో గీసిన అంకె ఉంది.

అక్క వాటిని ఒడిలో పోసుకుని పళ్ళు లెక్కపెట్టింది. అన్నిటికీ ఎనిమిదే. అప్పుడు నేను చెప్పాను, ఆ శుక్రవారం కమిటీలో మొదట ఏమన్నానో.

అక్క నావైపు చూడలేదు. "మీ బావకి తెలుసు" అంది. "మీ సారు సెప్పారు, బుడిపెలు మారుత్తానని ఎల్లినప్పుడు. ఇంటికొచ్చి నాతోటి అన్నాడు. గుంటడు బయపడిపోయుంటాడు పాపం, అన్నాడు. అంతే."

బయట ఎవరో లారీకి హారను బిగించి పరీక్షిస్తున్నారు. ఆ చప్పుడు ఆగేలోగా అక్క దువ్వెనల్ని అంకెల వరసలో పేర్చింది.

"ఆ తొట్టి ఇంకా ఉందేటి?" అంది అక్క.

"ఉంది. తెచ్చి నీ దగ్గర పెడతాను."

"దేనికి వాడతన్నారు ఇప్పుడు?"

"సోమవారం ఇంటర్వ్యూలున్నాయి. ఆరుగురు వస్తున్నారు."

అక్క దువ్వెనలు మళ్ళీ డబ్బాలో సర్ది మూత పెట్టింది.

"అయితే అక్కడే ఉంచీ" అంది. "పనిలో ఉన్నదాన్ని ఇంటికి తేవడం ఏటికి?"